సైగలు నేర్పిన మాటలు రావా?

గతమాసమున తిరుపతిలో ఒక మిత్రుని యింట భోజనమునకు పోయియుంటిమి. ఆయన ముప్పదియేండ్లు ఉపాధ్యాయవృత్తి చేసి విశ్రాంతి గొన్నవారు. సభలకు వచ్చువారు, పత్రికలు చదువువారు, మూఢాచారములను ఎత్తిపొడుచుటలో మాకు తీసిపోనివారు. వారి మనుమరాలికి మూడేండ్లు నిండినవి. బిడ్డకు డౌన్ సిండ్రోము. చక్కగా నవ్వును, పిలిచినవారి వంక చూచును, తాతగారి కండ్లజోడు ఎక్కడనున్నను వెదకి తెచ్చి యిచ్చును. కాని నోట ఇంకను ఒక్క మాటయైన రాలేదు. మాటల సందర్భమున మేము, "పలుకు వచ్చులోపల బిడ్డకు నాలుగు చేతిసైగలు నేర్పరాదా?" అంటిమి. మిత్రుడు వినరాని మాట విన్నట్లు మావంక చూచి, "మాటలు రావలసిన బిడ్డకు సైగలు నేర్పితే ఇంక మాటలెందుకొస్తాయండీ? ఉన్న ఆశ కూడా పోతుంది గదా!" అనిరి. లోపలినుండి వారి భార్య, "సైగలు మూగోళ్లకు గదా నాయనా, మా బిడ్డ మూగిది కాదే!" అనిరి.

విస్తరి ముందు కూర్చుండి వాదము పెట్టుకొనుట మర్యాద కాదని ఊరకుంటిమి. ఇంతలో వారి కోడలు పాయసపు గిన్నెతో వచ్చి మరల వడ్డింపబోగా, మిత్రుడు నోరు విప్పక విస్తరిపై చేయి అడ్డము పెట్టిరి. ఆమె గ్రహించి ముందునకు సాగినది. ఆ సైగవలన ఆయన మాట ఎక్కడికిని పోలేదు. భోజనానంతరము మాకు రాజకీయములపై గంటసేపు ఉపన్యాసమిచ్చిరి. నాడు మ్రింగుకొన్న ప్రత్యుత్తరమును నేడిచ్చట వ్రాయుచున్నాము. ఇది ఆయన యొక్కరికే సమాధానము కాదు. చదువుకొన్న కుటుంబములలోనే, సంస్కారమును కోరు కుటుంబములలోనే, ఈ యపోహ మిక్కిలి గట్టిగా వేళ్లూనుకొనియున్నది. చదువురానివారు చేతులతో మాటాడుటకు అంతగా సిగ్గుపడరు.

మొదట ఆ బిడ్డల స్థితి యేమో చెప్పుకొందము. డౌన్ సిండ్రోము పూర్వజన్మపాపము కాదు, తల్లి గ్రహణమును చూచుటవలన కలిగినది కాదు, అంటువ్యాధి కాదు. మనుష్యుని జీవకణములలో 23 జతల క్రోమోజోములుండగా, ఈ బిడ్డలకు 21వది రెండునకు మారుగా మూడుండును. సుమారు 800 నుండి 1000 జననములకు ఒకటి యిట్టిది. ఇంగ్లండునందు జాన్ లాంగ్‌డన్ డౌన్ అను వైద్యుడు 1866లో ఈ బిడ్డల లక్షణములను వర్ణించి, వారి ముఖములను జూచి ఒక జాతివారి పేరును వారికి తగిలించెను. అసలు కారణమును 1959లో ఫ్రాన్సుదేశమున జెరోమ్ లెజూన్, ఆయన సహచరులు ప్రకటించిరి. తమ జాతిపేరును రోగనామము చేయుట తగదని మంగోలియావారు 1965లో ప్రపంచారోగ్యసంస్థ యెదుట ఆక్షేపింపగా ఆ సంస్థ దానిని విడిచిపెట్టినది. మన వీథులలో మాత్రము 'వెఱ్ఱిబాగులది', 'మందమతి' అను బిరుదములు ఇంకను చెల్లుబడిలోనే యున్నవి. వానిని ఆక్షేపించుటకు ఈ బిడ్డలకు ఒక ప్రభుత్వము లేదు గదా!

ఈ బిడ్డలకు మాట ఆలస్యమగుటకు కారణములు శరీరమునందే యున్నవి. కండరముల బిగువు తక్కువ. నోరు చిన్నది, ఆ నోటికి నాలుక పెద్దదగును. పెదవి, నాలుక, అంగిలి, ఊపిరి అన్నియు ఒక్క క్షణమున కూడి పనిచేసినగాని 'నీళ్లు' అను రెండక్షరములు పుట్టవు. దానికి తోడు ఈ బిడ్డలలో సగమునకు మించినవారికి, చెవిలోపల నీరు చేరుటవలన గాని ఇతరకారణములవలన గాని, వినికిడి తగ్గియుండును. ఒకనాడు స్పష్టముగా, ఒకనాడు గోడ యవతలనుండి విన్నట్లు వినబడు శబ్దమును పట్టి మాట నేర్చుట ఎంతటి వారికైన కష్టమే. అందుచే ఇతరబిడ్డలు ఏడాది కటుయిటుగా తొలిమాట పలుకగా, వీరిలో పెక్కుమందికి రెండేండ్లో మూడేండ్లో పట్టును. కాని గమనింపుడు: వీరికి విని తెలిసికొను శక్తి చెప్పు శక్తికంటె చాల ముందునకు నడచును. విన్నదానికంటె చూచినది మనసున బాగుగా నిలుచును. ఇంతియ కాదు, బిడ్డ నాలుకను పట్టి త్రిప్పి మాట పలికింప ఏ తల్లికిని శక్యము కాదు. బిడ్డ చేతిని తన చేతిలోనికి తీసికొని సైగను దిద్దింప ఏ తల్లికైన శక్యమే. మనము బిడ్డలకు అక్షరములు దిద్దించునది అట్లే కదా! మాట పలికిన క్షణముననే గాలిలో కలిసిపోవును. సైగను బిడ్డ చూచి గ్రహించువఱకు నిలిపియుంచవచ్చును.

లోపల తెలిసినదంతయు లోపలనే యుండిపోవుటకంటె నరకము వేఱొకటి యున్నదా?

చిత్తూరిలో మే మెఱిగిన యొక యింట జరిగిన సంగతి చెప్పెదము. నాలుగేండ్ల బిడ్డ, ఇట్టిదే. ఒకనాటి రాత్రినుండి ఏడ్పు పట్టినది. అన్నము పెట్టిన త్రోసివేసినది. ఎత్తుకొన్న గిలగిల కొట్టుకొన్నది. తండ్రి మొండితనమనెను. అవ్వ దిష్టి యని ఉప్పును మిరపకాయలును త్రిప్పి పొయ్యిలో వేసెను. రెండవరాత్రియు అట్లే గడచినది. పొరుగువారు వచ్చి, "ఇట్టి బిడ్డలకు తిక్క లేచుట సహజమే" యని ఓదార్చిపోయిరి. మూడవనాడు చెవినుండి చీము కారి దిండు తడిసినది. అప్పటికిగాని బిడ్డకు చెవిపోటని తెలియలేదు. 'నొప్పి' యని తెల్పు ఒక్క సైగ ఆ బిడ్డకు వచ్చియుండినచో, ఆ సైగచేసి చేయి చెవికడకు పోయియుండెడిది. మొదటి రాత్రియే తల్లి చెవిలోనికి చూచియుండెడిది. అడగనిదే అమ్మయైనా పెట్టదని మన సామెత. అడుగుటకు నోరు రాని బిడ్డకు చేతులు నేర్పక, తల్లి పెట్టలేదనియు బిడ్డ అడుగలేదనియు ఎవరిని నిందింపగలము?

మన యూరివారికి ఈ బిడ్డలపై దయ లేదని మేమనము. ఈ బిడ్డలలో రమారమి సగముమందికి పుట్టుకతోనే హృదయమున లోపముండును. తిరుమల తిరుపతి దేవస్థానమువారు పసిబిడ్డల హృద్రోగములకొఱకు శ్రీ పద్మావతీ హృదయాలయమును 2021 అక్టోబరున తిరుపతిలో తెఱచిరి. పూర్వము ఇట్టి శస్త్రచికిత్సకు మదరాసో వేలూరో పోవలసినవారు, పోలేక బిడ్డను పోగొట్టుకొన్నవారు, ఎందఱో గలరు. ఈ పని చేసినవారికి చేతులెత్తి మ్రొక్కవలసినదే. పూర్వము బాల్యము దాటుటయే యరుదుగా నుండిన ఈ బిడ్డలు నేడు సంపన్నదేశములలో సగటున 60 ఏండ్లు బ్రదుకుచున్నారు. కాని హృదయమును అతికించి యింటికి పంపిన పిదప, ఆ హృదయములోని మాట వెలికి వచ్చుటకు మనమేమి చేసితిమి? ఆయుర్దాయమును అఱువదియేండ్లకు పెంచి, ఆ అఱువదియేండ్లును మౌనముగా నుండుమనుట దయయేనా?

మిత్రుని ఆక్షేపణకు వత్తము. సైగలు నేర్పిన మాట రాదనుట వినుటకు సబబుగనే తోచును. చేతితో పని జరిగిపోవుచుండగా నోటికి శ్రమ యెందుకిత్తురని తర్కము. అట్లయినచో మన యిండ్లలో పసివారికి నడక నేర్పుటకు మూడుచక్రముల కొయ్యబండి యిచ్చుచున్నామే, బండి నలవాటుపడిన బిడ్డ నడక మానివేసి జీవితాంతము దానిని త్రోసికొనుచు తిరిగినదా? కాళ్లలో బలము కుదిరిననాడు తానే బండిని మూలకు త్రోసి పరుగెత్తును. సైగయు అంతియే. నోటిమాట స్పష్టమైనకొలదిని సైగను బిడ్డ తానే జారవిడుచును. ఏలయన నోటిమాట సులభము. చేతిలో బొమ్మ యున్నను పలుకవచ్చును, చీకటిలో పలుకవచ్చును, వెనుకనుండి పలుకవచ్చును. సులభమైనదానిని కాదని కష్టమైనదానిని పట్టుకొని వ్రేలాడుట పెద్దలకు గలదేమో గాని పిల్లలకు లేదు.

ఇది యుపమానముతో తేల్చు విషయము కాదందురా, పరిశోధన యున్నది. నోటిమాటకు తోడుగా సైగలు మొదలగు సాధనములు నేర్పిన సందర్భములను అమెరికా పరిశోధకులు ప్రోగుచేసి 2006లో పరిశీలనఫలితమును ప్రకటించిరి. నమ్మదగిన సాక్ష్యమున్నవానిలో ఒక్కరికైన ఉన్న మాట తగ్గలేదు. మిక్కిలి యెక్కువమందికి మాట పెరిగినది. కొందఱికి మార్పు లేదు. ఆ పెరుగుట కొండంత యని మేము చెప్పము; పెక్కుమందిలో అది స్వల్పమే. కాని తగ్గుననుట మాత్రము కల్ల.

ఇంకొక సాక్ష్యము మన చిత్తూరుసీమయే. ఇచ్చట తెలుగు మాటాడి తమిళము వినని వీథి యేది? నగరి, పుత్తూరు, చిత్తూరు అంగళ్లలో బేరము ఒక భాషలో మొదలై యింకొక భాషలో ముగియును. కుప్పము పోయిన మూడవది కన్నడము వచ్చి చేరును. అమ్మతో తెలుగు, అవ్వతో తమిళము మాటాడి పెరిగిన బిడ్డలకు తెలుగు చెడినదా? డౌన్ సిండ్రోము గల బిడ్డలకు రెండుభాషలు భారమగునని అచ్చటచ్చట వైద్యులు సైతము చెప్పుచుండెడివారు. కెనడాలో రెండుభాషల యిండ్లలో పెరిగిన ఇట్టి బిడ్డలను పరిశీలించి 2005లో ప్రకటించినదేమన, ఒకేభాష నేర్చిన తమవంటి బిడ్డలకంటె వీరు ఏమియు వెనుకబడలేదని. రెండవభాష మొదటిదానిని మ్రింగదని తెలిసిన సీమలో, సైగ మాటను మ్రింగునను భయము ఎట్లు పుట్టెనో మాకు బోధపడదు.

మాట రావలెనని మనవారు చేయు ఇతరోపాయములను జూచిన ఈ భయము మఱింత వింతగా నుండును. వస కొమ్మును అరగదీసి పసిబిడ్డ నాలుకకు రాచుదురు. అది పసివారికి హానియని వైద్యులు మొత్తుకొనుచుండినను మానరు. నాలుక క్రింద నరము కోయింతురు. బిడ్డకు మాటాలస్యము ఆ నరమువలన కలిగినది కాకున్నను కోయింతురు. మాట వచ్చిన తలనీలాలిత్తుమని మ్రొక్కుకొందురు. మ్రొక్కుకొనుటను మేము కాదనము. అది వారి విశ్వాసము. కాని నాలుకకు చేదు రాచుటకు, కత్తి పెట్టించుటకు సందేహింపనివారు, చేతితో 'నీళ్లు' అని చూపుట నేర్పుమన్నచో బిడ్డకేదో ప్రమాదము వచ్చునని జంకుదురు!

అసలు సైగ మనకు పరాయిదా? తెలుగింట బిడ్డ నేర్చు తొలిమాట యేది? 'అమ్మ' యందురేమో. కాదు. అమ్మ యనకమునుపే, "సామికి దణ్ణం పెట్టు" మన్నచో రెండుచేతులు జోడించును. తారంగమాడించుట, చప్పట్లు కొట్టించుట, పోవువారికి చేయి యూపించుట, ఇవియన్నియు సైగలే. మన బడులలో చిటికెనవ్రేలు చూపినచో ఒకటికి పోవలెననియు, రెండువ్రేళ్లు చూపినచో రెండవదానికనియు తెలియని ఉపాధ్యాయుడు గలడా? మా మిత్రుడు ముప్పదియేండ్లు ఆ వ్రేళ్లను చూచి తలయూపినవారే. పశువుల సంతలో దళారులు తుండుగుడ్డ క్రింద వ్రేళ్లు పట్టుకొని వేలరూపాయల బేరములు తేల్చుకొందురు. వారిని మూగవారని ఎవరును జాలిపడరు. అంతయేల? ఏడుకొండలపై వేంచేసిన స్వామిని చూడుడు. నానాభాషల జనులు వేలకొలది ప్రతిదినము సన్నిధికి పోవుచున్నారు. ఆయన యెవరితోను పెదవి విప్పి మాటాడడు. కుడిచేత తన పాదములను చూపును. ఎడమచేతిని నడుముకడ నుంచును. పాదములే శరణమనియు, శరణన్నవానికి సంసారసముద్రము నడుములోతేయనియు దాని భావమని మన పెద్దలు చెప్పుదురు. రాతివిగ్రహము చేతులలో ఇంతటి యర్థమును చదువుకొన్న ఊరు, ఇంటిలోని పసిబిడ్డ చేతులను చదువనొల్లకున్నది.

కాబట్టి మిత్రుని భయము మాట రాదని కాదు. మేము నిష్ఠురముగానే చెప్పుచున్నాము. అది నలుగురు చూతురను భయము. నోరు మంచిదైతే ఊరు మంచిదని నోటికి మనమిచ్చిన గౌరవము చేతికి లేదు. బిడ్డ మాటాడకున్నను 'ఇంకను రాలేదు, వచ్చును' అని బంధువులకు చెప్పి గడుపవచ్చును. పెండ్లిపందిట నలుగురినడుమ చేతితో మాటాడెనా, దాపఱికము తీరిపోవును. అవ్వ నోట వచ్చిన "మా బిడ్డ మూగిది కాదే!" అను మాటలో ఈ గుట్టంతయు నున్నది. మన నామోషీని బిడ్డ క్షేమమను పేర చలామణి చేయుచున్నాము. దాని మూల్యము చెల్లించునది మనము కాదు. రెండేండ్లనుండి ఐదేండ్లవఱకు, భాష మొలకెత్తవలసిన కాలమంతయు, 'వచ్చును, వచ్చును' అని కాచుకొని కూర్చుండబెట్టబడిన బిడ్డ.

ఈ తప్పు క్రొత్తది కాదు. చెవిటిబిడ్డల విషయమున లోకము ఒకసారి చేసినదే. 1880లో ఇటలీలోని మిలాను నగరమున బధిరవిద్యోపాధ్యాయుల మహాసభ కూడి, బడులలో సైగలు కూడదు, నోటిమాటయే నేర్పవలెనని తీర్మానించినది. ఆ తీర్మానముచేత దేశదేశముల బడులలో బిడ్డల చేతులపై బెత్తపు దెబ్బలు పడినవి. సైగ మానినచో మాట వచ్చునని వారి సిద్ధాంతము. మాట రాలేదు, సైగయు పోయినది. 130 ఏండ్లు గడచిన పిదప, 2010లో కెనడాలోని వాంకూవరున కూడిన అట్టి మహాసభయే ఆ పాత తీర్మానములను త్రోసిపుచ్చి విచారము ప్రకటించినది. చేతులకు బుద్ధి వచ్చుటకు కాదు, నోళ్లకు బుద్ధి వచ్చుటకు అన్నియేండ్లు పట్టినది!

డౌన్ సిండ్రోము గల బిడ్డలకు సైగలు నేర్పు పద్ధతి ఇతరదేశములలో ఏబదియేండ్లనుండి నడచుచున్నది. 1970ల యారంభమున మార్గరెట్ వాకర్ అను వాక్చికిత్సకురాలు ఇంగ్లండునందు మకటాన్ అను పద్ధతి నేర్పరచెను. ఐర్లండున లావ్ అను పద్ధతి గలదు. వానిలోని సైగలు ఆయాదేశముల చెవిటివారి భాషనుండి తీసికొన్నవే. పద్ధతి సులభము. పెద్దలు నోరు కట్టుకొని చేతులాడించుట కాదు. మాట ఆపనే యాపరాదు. "నీకు నీళ్లు కావలెనా?" యని పూర్తిగా పలుకుచు, 'నీళ్లు' అను ముఖ్యమైన మాటకడ మాత్రము సైగ చేయవలెను. బిడ్డ ముఖమునకు ఎదురుగా, తొందరపడక, రోజునకు పదిమార్లు కాదు, నీళ్లిచ్చు ప్రతిసారియు చేయవలెను. మొదట 'బువ్వ', 'నీళ్లు', 'ఇంకా', 'చాలు', 'నొప్పి', 'వద్దు' అను ఆరేడు మాటలు చాలును. 'వద్దు' అనుటను మఱవకుడు. పెద్దలు నేర్పుటకు ఇష్టపడని సైగ అదియే, బిడ్డకు మిక్కిలి యవసరమైనదియు అదియే.

ఏ సైగలు నేర్పవలెనని అడుగుదురు. పరదేశపు సైగలు మనకు వలదు. మన దేశపు చెవిటివారికి సంపూర్ణమైన భాష యొకటి గలదు. దానికి తనదైన వ్యాకరణము గలదు. ఢిల్లీలో 2015లో నెలకొల్పిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రమువారు 2018లో 3,000 మాటలతో నిఘంటువు వెలువరించి, 2021నాటికి దానిని 10,000 మాటలకు పెంచిరి. అది దృశ్యరూపమున నున్నది. ప్రతియింట నున్న సెల్‌ఫోనులో చూడవచ్చును. అందలి మాటలను బిడ్డ నేర్చెనా, రేపు బస్సులోనో అంగడిలోనో చెవిటివాడెవడైన కలిసినచో వానితో రెండుమాటలాడగలదు. ఇంటిలో తల్లి యొక్కతెకు తెలిసిన సైగలకంటె ఊరిలో పదిమందికి తెలిసిన సైగలు మేలు కదా.

ఆ పదిమంది ఎచ్చటనున్నారందురా? తిరుపతిలోనే యున్నారు. దేవస్థానమువారి శ్రీ వేంకటేశ్వర బధిర పాఠశాల ఈ యూరనే గలదు. అట్టి బడులలో చదివి పెద్దలైన చెవిటి స్త్రీపురుషులు, చేతిభాష పుట్టుభాషగా గలవారు, చుట్టుప్రక్కల నున్నారు. వారిలో తగిన జీవనోపాధి లేనివారికి కొఱత లేదు. మఱియొకవైపున మండలములలో భవిత కేంద్రములు గలవు. వీథివీథికి అంగన్వాడి గలదు. 2013నుండి నడచుచున్న బాలస్వాస్థ్య కార్యక్రమమున ఈ బిడ్డలను పసితనముననే గుర్తింపవలెనని విధియున్నది. గుర్తించిన పిదప? వాక్చికిత్సకుడు పట్టణమున నుండును. పలమనేరునుండియో పుంగనూరునుండియో కూలిపని మానుకొని వారమునకొకమారు బస్సెక్కి రావలసిన తల్లి నాలుగువారములు వచ్చి అయిదవవారము మానును. ఆమెది నేరము కాదు. ప్రతి భవిత కేంద్రమునకు సైగలు తెలిసిన ఒక చెవిటి యువతిని వేతనమిచ్చి నియమించి, నెలకు రెండుదినములు చుట్టుపట్ల తల్లులకును అంగన్వాడి కార్యకర్తలకును నేర్పించుటకు ఎంత ధనము కావలెను? ఇంతకాలము దానము పుచ్చుకొనువారుగా మాత్రమే మనము చూచిన చెవిటివారు ఇచ్చట గురువులగుదురు. ఆ మార్పొకటి మాకు మిక్కిలి ప్రియము.

గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడి ప్రాంతమున సవరల భాషను తాము నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, వారి పిల్లలకు బడులు పెట్టించిన సంగతి చదువరులెఱుగుదురు. సవరబిడ్డ తెలుగు నేర్చువఱకు చదువు ఆగవలెనని ఆయన యనలేదు. బిడ్డయొద్దకు తానే నడచిపోయెను. ఆయన వ్యావహారికవాదమును గూర్చి దశాబ్దములు తగవులాడిన మనము, ఈ పనిని గూర్చి తగవైన ఆడలేదు, తలచుకొనుటయు లేదు.

చట్టము మనకంటె ముందున్నది. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము భావప్రకటనసాధనములలో సైగలను పేర్కొన్నది. 6 ఏండ్లనుండి 18 ఏండ్లవఱకు ఉచితవిద్య హక్కని చెప్పినది. మఱియొక చట్టమును గూర్చి చెప్పుటకు మనసొప్పకున్నను చెప్పక తప్పదు. బాలబాలికలపై లైంగికాత్యాచారములను శిక్షించు 2012నాటి చట్టమున, మానసికముగ గాని శారీరకముగ గాని వైకల్యము గల బిడ్డ వాఙ్మూలమును తీసికొనునపుడు, ఆ బిడ్డ భావప్రకటనరీతి నెఱిగినవారి సాయము గొనవచ్చునని 26వ సెక్షను చెప్పుచున్నది. చదువరులు ఒక్క క్షణమాగి యోచింపుడు. అట్టి రీతియే బిడ్డకు నేర్పనినాడు దాని నెఱిగినవారు ఎక్కడినుండి వత్తురు? చెప్పలేని బిడ్డను వెదకికొని వచ్చు దుర్మార్గులు లోకమున లేరా? 'వద్దు' అనుటయు, 'వాడు కొట్టినాడు' అనుటయు, ఒడలి భాగములను చూపి చెప్పుటయు రాని ఆడుబిడ్డను పెంచి, ఆమె మౌనమును అమాయకత్వమని మెచ్చుకొనుట మాకు భయంకరముగా తోచుచున్నది.

సైగ మంత్రము కాదు. సైగలు నేర్చిన బిడ్డలలో పెక్కుమంది పిదప మాటాడుదురు. కొందఱి మాట ఇంటివారికి తప్ప పరులకు తెలియదు. కొందఱికి మాట యెన్నటికిని రాకపోవచ్చును. అట్టివారికి చేతులే నోరు. చెవుల పరీక్ష మానరాదు, వాక్చికిత్స మానరాదు, పాటలును కథలును చెప్పుట మానరాదు. ఇల్లంతయు నేర్వనిదే బిడ్డ నేర్వదు. తల్లి యొక్కతె సైగ చేయుచుండ, తండ్రి పత్రిక చాటున కూర్చుండి, తాత ఆశీర్వదించి, అవ్వ కన్నీరు పెట్టుకొనినచో, ఆ బిడ్డకు లోకము తల్లి చేతులంత వెడల్పు మాత్రమే యగును. మార్చి 21వ తేదిని ప్రపంచ డౌన్ సిండ్రోము దినముగా 2012నుండి ఐక్యరాజ్యసమితి పాటించుచున్నది. ఆనాడు ఇట్టి బిడ్డలను వేదికపై కూర్చుండబెట్టి, పూలమాలలు వేసి, మిఠాయి పంచి, ఉపన్యాసములిత్తురు. మిఠాయి ఇంకొకటి కావలెనా యని ఆ బిడ్డను అడిగి, ప్రత్యుత్తరము తెలిసికొనగల వక్త ఒక్కడైన వేదికపై నుండిన బాగుండును.

చెవిపోటుతో ఏడ్చిన చిత్తూరు బిడ్డకు ఇప్పుడు ఆరేండ్లు. ఆ సంగతి జరిగిన పిదప తల్లి సెల్‌ఫోనులో చూచి సైగలు నేర్చి బిడ్డకు నేర్పినది. మొదట నవ్విన అవ్వయే నేడు అందఱికంటె చురుకుగా చేయుచున్నది. ఆమెకు చెవులు కొంచెము మందగించినవి, తనకే సుఖముగా నున్నదట. బిడ్డ ముప్పది సైగలు చేయును. వానిలో అయిదాఱింటికి నోటిమాటయు వచ్చి చేరినది. 'నీళ్లు' అనునది 'నీయు' అని పలుకును; పలికి, వినినామో లేదో యని మన ముఖము చూచి, తెలియనట్లు తోచిన వెంటనే చేయి నోటికడకు తెచ్చి చూపును. మాట వచ్చిన తరువాత సైగను ఆ బిడ్డ ఎంత తెలివిగా వాడుకొనుచున్నదో చూచుటకు మా మిత్రుని ఒకనాడు వెంటబెట్టుకొని పోవలెనని యున్నది.

ఈ సంచిక ఆయనకు చేరును. కోపము వచ్చునేమో, రానిండు. మరల భోజనమునకు పిలిచినచో తప్పక పోదుము. పాయసము వచ్చునపుడు ఆ బిడ్డను మా ప్రక్కనే కూర్చుండబెట్టుకొని, విస్తరిపై చేయి అడ్డముపెట్టుట మొదట ఆమెకు చూపి, పిదప ఆమె 'ఇంకా' అని అడుగుటకు చేయి యెట్లు పెట్టవలెనో తాతగారినే నేర్పుమని కోరుదుము.